ఇంటికి ఐదుగురు వస్తారు, ఒకరి సంగతి ఒకరికి తెలియదు. మన వాడలో వీళ్లందరినీ ఒక్క దగ్గర కూర్చోబెట్టడం ఎట్లా?

కరీమాబాద్ కోడలు (అడిగినవారు)

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిక చేసుకుని చదవండి.

మాది వరంగల్, కరీమాబాద్. ఇంట్లో నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, మామయ్య. మామయ్య ఆజంజాహి మిల్లులో పనిచేసినాయన. 2002లో మిల్లు మూతపడ్డాక బట్టల దుకాణంలో గుమాస్తాగా చేరి మొన్నమొన్నటి దాకా సైకిల్ మీదే తిరిగారు. ఇప్పుడు 74 ఏళ్లు. మా ఆయన డీసీఎం నడుపుతారు. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి వచ్చే రోజుల్లో ఆయన ఇంట్లో అన్నం తినేది వారానికి రెండుసార్లు. నేను ఇంట్లో మిషన్ కుడతాను.

దసరా అయిన కొన్ని రోజులకు, తెల్లవారుజామున మామయ్యకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట ముద్దగా అయింది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఉంచి ఇంటికి తెచ్చుకున్నాం. వచ్చేటప్పుడు చేతికి ఒక డిశ్చార్జ్ షీటు, పదకొండు రకాల మందులు ఇచ్చి, "ఎక్సర్‌సైజులు చేయించండి, పదిహేను రోజుల తర్వాత చూపించండి" అన్నారు. మంచం మీది మనిషిని ఎట్లా తిప్పాలో, అన్నం ఏ పక్క నుంచి పెట్టాలో, యూరిన్ పైపు ఎన్నాళ్లకు మార్చాలో అడుగుదామంటే ఆ పొద్దు బిల్లు కట్టే హడావిడిలో అడగలేకపోయాం.

లెక్కపెడితే మా ఇంటికి వచ్చిపోయేవాళ్లు తక్కువేం కాదు. ఆశా అక్క వస్తుంది, బీపీ చూస్తుంది. బస్తీ దవాఖానలో డాక్టరమ్మ ఉంది, బీపీ బిళ్లలు నెలనెలా అక్కడి నుంచే. ఫిజియోథెరపీ అబ్బాయి రోజు మార్చి రోజు వస్తాడు, ఒకసారికి నాలుగు వందలు. పట్టణ పొదుపు సంఘాలు చూసే మెప్మా ఆర్పీ (రిసోర్స్ పర్సన్) వచ్చి, వైకల్యం ఉందని రాసిచ్చే సదరం సర్టిఫికెట్ గురించి చెప్పింది. వృద్ధాప్య పింఛను 2,016, దివ్యాంగుల పింఛను 4,016, అందులోకి మారితే మందుల ఖర్చన్నా వెళ్తుందని. ఆరు నెలలు గడిచాక రమ్మన్నారు, అంటే ఎండాకాలం దాకా ఆగాలి. అంగన్‌వాడీ టీచర్ మా గల్లీలోనే ఉంటుంది. గల్లీ మొదట్లో ఆర్‌ఎంపీ ఉన్నాడు, రాత్రి పదకొండుకు తలుపు కొట్టినా వస్తాడు. ఇంతమంది ఉన్నారు కదా, ఇంకేం బాధ అంటారేమో. ఆ బాధే చెప్తున్నా.

మామయ్యకు బీపీ ముందునుంచీ ఉంది, బస్తీ దవాఖాన బిళ్ల ముందునుంచీ వేసుకుంటున్నారు. ఆసుపత్రి షీటులో బీపీకి ఇంకో బిళ్ల రాశారు, పేరు వేరు, రంగు వేరు. రెండూ డాక్టర్లు ఇచ్చినవే కదా అని పొద్దున రెండూ వేశాను. మూడు వారాలకు పాదాలు ఉబ్బాయి. వేలితో నొక్కితే గుంట పడి అట్లే ఉండేది. ఆర్‌ఎంపీ చూసి "నీరు పట్టింది" అని మూత్రం పోయే బిళ్ల ఇచ్చాడు. వాపు కొంచెం దిగింది, కానీ లేచి కూర్చుంటే కళ్లు తిరుగుతున్నాయని మామయ్య సైగ చేసేవారు. నీరసం అనుకుని బత్తాయి రసం పట్టాను. భోగి రోజు పొద్దున కుర్చీ మీద కూర్చోబెడుతుంటే నా భుజం మీది చెయ్యి జారి ముందుకు పడ్డారు. కనుబొమ్మ చీరుకుపోయింది, నాలుగు కుట్లు పడ్డాయి. ఇంట్లో సగం వేసిన ముగ్గు అట్లే ఉంది.

కుట్ల కోసం మందులు తేబోతే మెడికల్ షాపు అబ్బాయి అన్ని స్ట్రిప్పులూ కౌంటరు మీద పరిచి, వెనక చిన్న అక్షరాలు చదివి, "అక్కా, ఈ రెండిట్లోనూ ఆమ్లోడిపిన్ ఉంది. ఒక్కటే మందు రెండుసార్లు పడుతోంది. కాళ్ల వాపు దానివల్ల కూడా వస్తుంది" అన్నాడు. ఒక మందు రెండింతలు పడితే వాపు, ఆ వాపుకు ఇంకో మందు, ఆ మందుకు కళ్లు తిరగడం, కళ్లు తిరిగి పడటం. బస్తీ దవాఖాన డాక్టరమ్మ అన్నీ చూసి ఒక బీపీ బిళ్లా, మూత్రం బిళ్లా ఆపేసింది. పది రోజులకు పాదాలు మామూలుగా అయ్యాయి.

డాక్టరమ్మకు ఆసుపత్రి షీటు సంగతి తెలియదు. ఆసుపత్రికి దవాఖాన బిళ్ల సంగతి తెలియదు. ఆర్‌ఎంపీకి రెండూ తెలియవు. రోజు మార్చి రోజు ఆ పాదాలు పట్టుకుని కాలు ఆడించే ఫిజియో అబ్బాయి వాపు ముందే చూశాడంట, ఎవరికి చెప్పాలో తెలియక నాకే చెప్పాడు. అన్నీ తెలిసింది నేనొక్కదాన్నే, నాకేమో చదివితే అర్థం కాదు. కాగితాలన్నీ ఒక బట్టల షాపు కవరులో పెట్టుకుని తిరుగుతున్నా. స్కానింగ్ ఫిల్ములు, పింఛను పాస్‌బుక్కు, ఆధార్ జిరాక్సులు అన్నీ అందులోనే. కవరులో లేనిది నా తలకాయలో ఉంది. రేపు నాకే జ్వరం వచ్చి పడుకుంటే ఈ సంగతులు ఎవరు చెప్తారు?

ఇంకొకటి. బ్యాంకులో డబ్బు తీయాలంటే మామయ్య సంతకం కావాలి. కుడి చెయ్యి కదలదు. మూడుసార్లు తిరిగాను.

ఇంగ్లండులో వాడకొక టీమ్ పెట్టి, దవాఖాన పనీ ఇంటి దగ్గర సాయం చేసే పనీ కలిపి చూస్తున్నారని పేపర్లో చదివాను. మన దగ్గర ఎవరైనా చేశారా? ఆశా, ఏఎన్ఎం, డాక్టరు, ఫిజియో, ఆర్పీ, అంగన్‌వాడీ టీచర్ నెలకు ఒక్కసారన్నా ఒక్క దగ్గర కూర్చుని మా ఇంటి సంగతి, మా లాంటి ఇళ్ల సంగతి మాట్లాడుకునేటట్టు చేయాలంటే ఎవరిని అడగాలి? మా ఒక్క గల్లీలోనే ఐదు ఇళ్లున్నాయి. వణుకుడు రోగం పెద్దాయన, డయాలసిస్‌కు వారానికి రెండుసార్లు పోయే అన్న, మెదడు పక్షవాతంతో పుట్టిన బాబు, కొడుకులు హైదరాబాద్‌లో ఉండి ఒంటరిగా ఉండే అవ్వ, మేము. కొత్తగా మనుషుల్ని పెట్టమని అడగడం లేదు. ఉన్నవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే చాలు.

ఏఎన్ఎం, పరకాల వైపు

అక్కా, మేడారం జాతర డ్యూటీ అయిపోయి నిన్ననే ఇంటికి వచ్చాను. మీ పోస్టు రెండుసార్లు చదివాను. మా వైపు నుంచి ఎట్లుంటుందో చెప్తాను.

కాన్పు అయిన ఇల్లు మాకు కచ్చితంగా తెలుస్తుంది. ఆసుపత్రిలో కాన్పయితే ఆశా ఆ ఇంటికి ఆరుసార్లు పోవాలి. మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండు. ఏ రోజు ఏం చూడాలో ఫారం ఉంది, దానికి పైసలూ ఉన్నాయి. పక్షవాతంతో ఇంటికి వచ్చిన మనిషి కూడా పసిబిడ్డ లెక్కే. మింగడం చూడాలి, వీపు చూడాలి, జ్వరం చూడాలి. కానీ ఆ ఇంటికి మూడో రోజు పోవాలని ఎవరూ రాయలేదు. ఆసుపత్రి నుంచి మాకు ఫోను రాదు. ఎవరో ఒకరు చెప్తే తెలుస్తుంది, లేకపోతే లేదు.

30 ఏళ్లు దాటినవాళ్లకు ఆశా నింపే సీబాక్ ఫారం ఉంది కదా, అందులో 60 దాటినవాళ్ల కోసం వేరే ప్రశ్నలున్నాయి. నిలబడితే తూలుతున్నారా, తినడానికి, స్నానానికి, లెట్రిన్‌కు పోవడానికి ఇంకొకరి సాయం కావాలా, సొంతవాళ్ల పేర్లు మర్చిపోతున్నారా అని. అంటే అడగాల్సిన ప్రశ్న మా చేతిలోనే ఉంది. "అవును" అని టిక్ పెట్టాక ఆ ఇంటికి ఎవరు, ఎన్ని రోజులకోసారి పోవాలన్న పద్ధతి మాత్రం మా సబ్ సెంటర్‌లో నడవడం లేదు. ఆ టిక్‌లు పడ్డ ఇళ్ల పేర్లు ఒక కాగితం మీదికి ఎక్కిస్తే మీరడిగే జాబితా సగం తయారైనట్టే.

పట్టణంలో మీకు ఇంకో దారి ఉంది. మహిళా ఆరోగ్య సమితి. యాభై నుంచి వంద ఇళ్లకు ఒకటి, పది పన్నెండు మంది ఆడవాళ్లు ఉంటారు, ఏడాదికి 5,000 రూపాయలు ఖర్చు పెట్టుకోవచ్చు. పట్టణ ఆరోగ్య మిషన్‌లో 2013 నుంచీ ఉన్నదే. మీ ఆశానే దానికి ముఖ్యం. కొత్త టీమ్ అని పోతే "మాకు ఆర్డర్ లేదు" అంటారు. సమితి మీటింగులో ఈ ఐదు ఇళ్ల సంగతి మాట్లాడదాం అంటే ఎవరూ కాదనలేరు. మంచంలోనే ఉన్నవాళ్లకు, క్యాన్సర్ నొప్పులవాళ్లకు జిల్లా నుంచి ఆలన వ్యాను ఇంటికి వస్తుంది, నర్సు ఉంటుంది. మీ డాక్టరమ్మతో రాయించి పంపండి.

డిశ్చార్జ్ రోజే, ఆటో ఇంటి ముందు ఆగకముందే ఆశాకు ఫోన్ చేయండి. ఇది చదివే అందరికీ చెప్తున్నా.

హన్మకొండ నుంచి లెస్టర్

అక్కా, నేను ఇక్కడ ఇంగ్లండులో, లెస్టర్ ఊళ్లో, ఇళ్లకు పోయి చూసే కమ్యూనిటీ నర్సును. మాది హన్మకొండనే, బాపు అక్కడే ఉన్నాడు, అందుకే మీ పోస్టు చదువుతుంటే చేతులాడలేదు.

మీరు పేపర్లో చదివింది నిజమే. 2022 మేలో డాక్టర్ క్లెయిర్ ఫుల్లర్ ఇచ్చిన నివేదికలో ఈ నైబర్‌హుడ్ టీమ్‌ల మాట గట్టిగా వచ్చింది. అంతకుముందే, 2019లో, పక్కపక్కన ఉన్న డాక్టర్ల క్లినిక్కులను 30 వేల నుంచి 50 వేల మందికి ఒక జట్టుగా కట్టారు. ఇప్పుడు ఆ జట్టు చుట్టూ కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) సోషల్ వర్కర్, మేము, ఫిజియో, ఫార్మసిస్టు, వాలంటరీ సంస్థలవాళ్లు చేరాలన్నది ఆలోచన. మా దగ్గర వారానికోసారి కూర్చుంటాం. ఊళ్లో అందరి గురించీ కాదు, ఆ వారం ఎవరి పరిస్థితి జారుతోందో వాళ్ల గురించే. ఒక్కొక్కరి మీద ఐదు నిమిషాలు, ఎక్కువైతే పది. చివరికి ఒక్కటే ప్రశ్న: "ఈ మనిషి ఇంటికి ఫోన్ చేసేది ఎవరు?" ఒక పేరు రాస్తాం. ఆ పేరు రాయకపోతే కూర్చుని మాట్లాడినదంతా గాలికి పోతుంది. నా అనుభవంలో అన్నిటికన్నా పనికొచ్చింది ఆ ఒక్క పేరే.

ఫార్మసిస్టు కూడా ముఖ్యం. మీ మామయ్యకు అయినటువంటిది ఇక్కడా అవుతుంది. అందుకే పది మందులు దాటినవాళ్ల స్ట్రిప్పులన్నీ ముందు పెట్టుకుని ఒకరు చూస్తారు. మీ దగ్గర ఆ పని మెడికల్ షాపు అబ్బాయి చేశాడు. ఆ అబ్బాయిని వదలకండి.

అయితే ఇక్కడ అంతా బాగుందని అనుకోవద్దు. ఆసుపత్రి, డాక్టరు, నర్సు ఉచితం. స్నానం చేయించే మనిషి, వండిపెట్టే మనిషి కౌన్సిల్ కింద, అది అందరికీ ఉచితం కాదు. చేతిలో 23,250 పౌండ్లకు మించి ఉంటే ఆ ఖర్చు మామూలుగా వాళ్లే పెట్టుకోవాలి. ఆసుపత్రి నుంచి వచ్చాక మళ్లీ నడవడం, బట్టలు కట్టుకోవడం అలవాటు చేయడానికి ఆరు వారాల దాకా ఉచితంగా సాయం ఇవ్వొచ్చు, కానీ మనుషులు దొరకాలి. మా కంప్యూటర్‌లో ఉన్నది సోషల్ వర్కర్ కంప్యూటర్‌లో కనపడదు. రెండు ఖజానాలు, రెండు ఆఫీసులు, వాటి మధ్య ముసలివాళ్లు. కలపడం అన్నది ఇక్కడ కూడా ఇంకా జరుగుతున్న పనే.

ఒక మాట అడుగుతాను. మీకెట్లుంది? 74 ఏళ్ల మనిషిని రోజుకు ఎన్నిసార్లు లేపుతున్నారు? ఇక్కడ 2014 చట్టం ప్రకారం, ఇంట్లో చూసుకునే మనిషికి కూడా విడిగా "నీకేం కావాలి" అని అడగాలి. అది హక్కు. మీ పోస్టులో అందరూ ఉన్నారు, మీరు లేరు.

కరీమాబాద్ కోడలు

చెల్లీ, ఆ చివరి మాట చదివి కొంచెంసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. నడుము నొప్పి ఉంది. రాత్రి రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, అలారం పెట్టుకుంటాను. మిషన్ మీద గంట కూర్చుంటే లేవలేకపోతున్నా. ఎవరూ అడగలేదు కాబట్టి నేనూ చెప్పలేదు. పరకాల అక్కకు కూడా చాలా థాంక్స్, సమితి సంగతి మా ఆశా అక్కను అడిగాను. మీటింగు పెట్టక చాలా రోజులైందంట, పెడదాం అన్నది.

రిటైర్డ్ బ్యాంకు, నక్కలగుట్ట

అమ్మా, ముందు మీ సంతకం సంగతి. జబ్బుతో సంతకం పెట్టలేని ఖాతాదారుడి వేలిముద్రతో డబ్బు ఇవ్వొచ్చని రిజర్వ్ బ్యాంకు ఎప్పుడో చెప్పింది. చేతి వేలు పనిచేయకపోతే కాలి బొటనవేలి ముద్ర కూడా చెల్లుతుంది. బ్యాంకుకు తెలిసిన ఇద్దరు సాక్షులు ఉండాలి, అందులో ఒకరు బాధ్యత గల బ్యాంకు ఉద్యోగి కావాలి. మీరు నోటితో అడగకండి, మేనేజర్ పేరు మీద కాగితం రాసి, డిశ్చార్జ్ షీటు జిరాక్సు పెట్టి ఇవ్వండి, రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోండి. ఇట్లాంటి చిన్న పని ఆగిపోతే మందులు ఆగిపోతాయి. అందుకే ఆ మీ టీమ్‌లో బ్యాంకు పని తెలిసినవాడు ఒకడు ఉండాలంటాను.

ఉద్యోగంలో ఉండగా మూడేళ్లు కేరళలో, మలప్పురం జిల్లా మంజేరిలో ఉన్నాను. మీరడిగేది అక్కడ కళ్లారా చూశాను. 1993లో కోజికోడ్ మెడికల్ కాలేజీ డాక్టర్లు కొందరు నొప్పుల క్లినిక్కుగా మొదలుపెట్టారు. ఆ తర్వాత అది డాక్టర్ల చేతి నుంచి ఊరి చేతికి వచ్చింది. మా పక్కింటి స్కూలు మాస్టారు, చేపల బండి అబ్బాయి, కాలేజీ పిల్లలు, వీళ్లే వాలంటీర్లు. ట్రైనింగ్ తీసుకుని వారానికి కొన్ని గంటలు ఇచ్చేవాళ్లు. జీపులో నర్సు, ఇద్దరు వాలంటీర్లు. నర్సు పుండు కడుగుతుంటే, ఆ మాస్టారు వంటింట్లోకి పోయి డబ్బాలో బియ్యం ఉన్నాయా లేదా చూసేవాడు. నేను ఒకసారి వెంట పోయినప్పుడు ఆయన ముందు బియ్యం డబ్బా మూత తీయడం చూసి ఆశ్చర్యపోయాను. "బియ్యం లేని ఇంట్లో మాత్ర ఖాళీ కడుపున వేస్తారు సార్" అన్నాడు. పిల్లల ఫీజు కట్టారా అని కూడా అడిగేవాళ్లు. 2008లో కేరళ ప్రభుత్వం దీన్ని తన విధానంగా ప్రకటించింది, పంచాయతీలు తమ డబ్బులో నుంచి నర్సును పెట్టుకుంటున్నాయి.

అక్కడ నడిచింది ఇక్కడ అట్లే నడవదని నాకు తెలుసు. అక్కడ పంచాయతీ చేతిలో డబ్బు ఎక్కువ. కానీ పెన్షనర్లు మన హన్మకొండలో తక్కువ ఉన్నారా? పొద్దున వాకింగ్ అయ్యాక రెండు గంటలు ఖాళీగా కూర్చుంటాం. మీ గల్లీకి రమ్మంటే నేను వస్తాను. కాగితాల పని నాకు వదిలేయండి.

మెప్మా ఆర్పీ, కాశిబుగ్గ

అందరూ మంచి మాటలే చెప్పారు. నేను కొంచెం కఠినంగా చెప్తాను, కోపగించుకోవద్దు.

ఈ జాబితాలో ఆశా, ఏఎన్ఎం, అంగన్‌వాడీ టీచర్, ఆర్పీ, ఇంట్లో కోడలు. అందరం ఆడవాళ్లమే, డాక్టర్లను వదిలేస్తే అందరం తక్కువ పైసలకు ఎక్కువ పని చేసేవాళ్లమే. 2023లో ఆశాలు 18,000 ఫిక్స్‌డ్ జీతం కావాలని రోడ్డు మీద కూర్చున్నారు. ఇప్పుడు "మీరు కలిసి కూర్చోండి" అంటే ఇంకో మీటింగు, ఇంకో రిజిస్టరు, ఫోటో తీసి గ్రూపులో పెట్టు. మా ఫోన్‌లో ఇప్పటికే పద్నాలుగు వాట్సాప్ గ్రూపులున్నాయి. కూర్చోవడం వల్ల మా పని తగ్గితేనే వస్తాం. పెరిగితే రెండు నెలలు వచ్చి మానేస్తాం. ఒకే ఇంటికి ముగ్గురం మూడుసార్లు పోయి అదే ఆధార్ జిరాక్సు అడుగుతున్నాం కదా, అది ఒక్కసారికి తగ్గించండి, సంతోషంగా వస్తాం.

రెండోది, ఇంటి గుట్టు. నేను లోన్ల పని చేసేదాన్ని. ఏ ఇంట్లో ఏ జబ్బు ఉందో నాకు తెలిస్తే, "ఆమెకు లోన్ ఇస్తే కడుతుందా" అని గ్రూపులో ఎవరో అంటారు. జరిగింది, నేను చూశాను. టీబీ అని తెలిసి ఒకామెను పొదుపు మీటింగులో దూరంగా కూర్చోబెట్టారు. కాబట్టి ఎవరి గురించి మాట్లాడబోతున్నామో వాళ్లను ముందు అడగండి. అవ్వ అయినా సరే, మంచంలో మాట రాని మనిషి అయినా సరే, సైగతోనైనా ఒప్పుకోవాలి. మందుల సంగతి అందరికీ తెలియాల్సిన పని లేదు.

అక్కా, సదరం స్లాట్ ఎండాకాలంలో పెట్టాలి, తారీఖు వచ్చాక మనిషిని క్యాంపుకు తీసుకుపోవాలి. ఆటో ఎక్కించడానికి ఇద్దరు కావాలి. అది ఇప్పుడే రాసి పెట్టుకోండి.

కరీమాబాద్ కోడలు

రెండు నెలలు అవుతోంది. ఇప్పటిదాకా ఏం జరిగిందో చెప్తున్నా.

మొదటిసారి అంగన్‌వాడీలో, పిల్లలు వెళ్లిపోయాక, శుక్రవారం మూడింటికి కూర్చున్నాం. ఆరుగురిని పిలిస్తే నలుగురు వచ్చారు. బుధవారం, శనివారం టీకాల రోజులు కాబట్టి శుక్రవారం పెట్టుకున్నాం. ఆశా అక్క, అంగన్‌వాడీ టీచర్, మా ఆర్పీ, నక్కలగుట్ట సార్ నిజంగానే స్కూటర్ మీద వచ్చారు. ఫిజియో అబ్బాయి రెండోసారి నుంచి వస్తున్నాడు. డాక్టరమ్మ మూడోసారి ఇరవై నిమిషాలు కూర్చున్నది, ఓపీ చూసుకుని వచ్చి. మెడికల్ షాపు అబ్బాయి రాలేనన్నాడు కానీ స్ట్రిప్పుల ఫోటో పంపితే రాత్రి చూసి చెప్తున్నాడు. కాశిబుగ్గ అక్క చెప్పినట్టు వాట్సాప్ గ్రూపు పెట్టలేదు. ఐదు ఇళ్లకూ పోయి అడిగాం. డయాలసిస్ అన్న వద్దన్నాడు, ఆయన సంగతి మేం మాట్లాడటం లేదు.

గ్రూపు బదులు ప్రతి ఇంట్లో ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టాం. మా ఇంట్లోది మామయ్య మంచం కోడుకు మిషన్ దారంతో కట్టి ఉంటుంది, పెన్నుతో సహా. మొదటి పేజీలో ఆయన వేసుకునే మందులు, స్ట్రిప్పు వెనక ఉన్న అసలు పేరుతో, ఏ పూట ఏది అని. ఇంటికి ఎవరు వచ్చినా తారీఖు వేసి రెండు లైన్లు రాయాలి. దాచుకునే సంగతులు అందులో రాయం. మొన్నటి పేజీ ఇట్లుంది: ఆశా అక్క "బీపీ 134/82, పైపు మార్చాలి, సోమవారం." దాని కింద ఫిజియో అబ్బాయి "ఎడమ మడమ ఎర్రగా ఉంది, నొక్కితే తెల్లబడటం లేదు. మడమ కింద దిండు వద్దు, పిక్క కింద పెట్టండి." మడమ సంగతి నేను చూడనే లేదు. కుడి పక్క పడిపోయిందని కుడి పక్కే చూస్తున్నా, మంచి కాలు మడమతో పరుపును తోసి తోసి పైకి జరుగుతారని ఆలోచించలేదు. సోమవారం ఆశా అక్క వచ్చి ఆ లైను చదివి, నేను చెప్పకముందే దుప్పటి తీసి మడమ చూసింది. నాకు అప్పుడు గుండె నిండినట్టయింది. నా తలకాయలోది కొంచెం నోట్‌బుక్కులోకి దిగింది.

ఒంటరిగా ఉండే అవ్వ సంగతి కూడా చెప్పాలి. అవ్వకు షుగర్, ఇన్సులిన్ వేసుకుంటుంది. షుగర్ ఎప్పుడు చూసినా మూడు వందల పైనే. అవ్వ స్వీట్లు తింటుందని ఆశా అక్క కోప్పడేది. రెండోసారి కూర్చున్నప్పుడు అంగన్‌వాడీ టీచర్ "అవ్వకు బియ్యంలో రాళ్లు కనపడటం లేదు, నాతో ఏరించుకుంటుంది" అన్నది. మాటల్లో వచ్చిన మాట అది. ఆశా అక్క ఒక్క నిమిషం ఆగి, "మరి సిరంజి మీద గీతలు ఎట్లా కనపడుతున్నాయి?" అన్నది. పోయి చూస్తే అవ్వ అందాజుగా లాగుతోంది. ఒకనాడు సగం, ఒకనాడు ఏమీ లేదు, గాలే. ఇప్పుడు పక్కింటి ఇంటర్ చదివే అమ్మాయి పొద్దున, సాయంత్రం సిరంజి నింపి ఇస్తుంది. మొదటి వారం డాక్టరమ్మ రోజూ షుగర్ చూడమన్నది, సరైన డోసు పడేసరికి ఒక్కసారిగా తగ్గిపోతుందేమోనని. శుక్లాల ఆపరేషన్‌కు పేరు రాయించాం, హైదరాబాద్ నుంచి కొడుకు వచ్చే తారీఖు చూసుకుని.

బ్యాంకు పని అయింది. సార్ రాసిన కాగితం ఇచ్చిన నాలుగో రోజు బ్యాంకు నుంచి ఒకాయన ఇంటికి వచ్చి బొటనవేలి ముద్ర తీసుకున్నారు. మామయ్యకు అది నచ్చలేదు. గుమాస్తా పని చేసిన మనిషి కదా, ముఖం పక్కకు తిప్పుకున్నారు. అప్పటి నుంచి నోట్‌బుక్కు వెనక పేజీల్లో ఎడమ చేత్తో సంతకం నేర్చుకుంటున్నారు. మొదటి అక్షరం వచ్చింది.

కానివి కూడా చెప్తా. ఆలన వ్యాను కోసం డాక్టరమ్మ రాసిచ్చింది, ఒకసారే వచ్చింది. ఫిజియోకు పైసలు మేమే కట్టుకుంటున్నాం, వారానికి రెండుసార్లకు తగ్గించాం, మిగతా రోజులు నేనూ మా పెద్దోడూ చేయిస్తున్నాం. ఏ ఆసుపత్రి నుంచి ఎవరు డిశ్చార్జ్ అయి వస్తున్నారో ముందుగా తెలిసే దారి ఇంకా దొరకలేదు. దీనికి మేం నలుగురం కూర్చుంటే కాదు, పైనుంచే ఒక ఫోన్ రావాలి. కార్పొరేటర్‌కు కాగితం రాసిచ్చాం. నా నడుముకు డాక్టరమ్మ బెల్టు రాసింది. నెలకు ఒక ఆదివారం ఆశా అక్క వాళ్లాయన, నక్కలగుట్ట సార్ వచ్చి మామయ్య దగ్గర మధ్యాహ్నం దాకా కూర్చుంటారు. పోయిన ఆదివారం నేను భద్రకాళి గుడికి పోయి చెరువు కట్ట మీద గంటసేపు ఊరికే కూర్చున్నా.

కావాల్సింది ఒకటుంది. ఫార్మసీ చదివినవాళ్లు, కాకతీయ యూనివర్సిటీ పిల్లలైనా సరే, నెలకొక శుక్రవారం వచ్చి నాలుగు ఇళ్ల స్ట్రిప్పులు చూసి పెట్టేవాళ్లు ఎవరైనా ఉంటే ఇక్కడ రాయండి. మెడికల్ షాపు అబ్బాయికి పెళ్లి కుదిరింది, మేలో ఊరికి పోతున్నాడు. అంగన్‌వాడీ కరీమాబాద్‌లోనే, మూడింటికి మొదలుపెడితే నాలుగున్నరకు అయిపోతుంది. చాయ్ మా ఇంటి నుంచి.